మూట యొకటి, మజిలీలు మూడు

నిజామాబాదు జిల్లా సిరికొండ మండలమున ఒక రైతునకు రెండెకరముల ఇరువది గుంటల భూమి కలదనుకొందము. దస్తరమున దానిని 2.20 అని వ్రాసిరనుకొందము. తెలంగాణమున నలువది గుంటలు ఒక ఎకరము గనుక ఆ అంకెకు అర్థము రెండున్నర ఎకరములు. కోస్తా జిల్లాలలో నూరు సెంట్లు ఒక ఎకరము. అచటి యలవాటు చొప్పున చదివినచో అదే అంకె రెండెకరముల ఇరువది సెంట్లగును. రైతు భరోసా క్రింద ఎకరమునకు 6,000 రూపాయల వంతున లెక్క కట్టినచో, మొదటి చదువునకు 15,000 రూపాయలును, రెండవ చదువునకు 13,200 రూపాయలును వచ్చును. తేడా 1,800 రూపాయలు. అంకె మారలేదు, చదివిన పద్ధతి మారినది. గుంటలను సెంట్లుగా చదివిన ప్రతిసారియు లోటు రైతునకే కలుగును. లాభ మెన్నడును కలుగదు.

ఇట్టి అంకెలను ఒక చోటి నుండి మరియొక చోటికి గుమాస్తాలు చేతితో ఎత్తి వ్రాయు దినములు చాలవరకు గడచినవి. ఒక కంప్యూటరులోని దత్తాంశమును తీసి, శుద్ధి చేసి, వేరొక కంప్యూటరులో నింపు పనిని నేడు ఒక ప్రోగ్రాముల మూటకు అప్పగించుచున్నారు. దీనికి ప్యాకేజీ యని పేరు. ఈ మూట మూడు మజిలీలు దాటవలసి యుండును. మొదటిది దానిని రచించు వాని యంత్రము. రెండవది పరీక్షా స్థానము. మూడవది నిజమైన వ్యవహారము జరుగు స్థానము. మూడింట పని యొక్కటే. కాని డేటాబేసు పేరు వేరు, సర్వరు వేరు, పాస్‌వర్డు వేరు, ఫైళ్ళుండు చోటు వేరు. మూటను విప్పకయే ఈ వేర్పాటులను దానికి తెలియజెప్పుట యెట్లు? నేటి ప్రసంగ విషయ మిదియే.

ఇది మన ప్రాంతమునకు క్రొత్త చిక్కు కాదు. హైదరాబాదు రాజ్యమున హాలీ సిక్కా రూపాయి చెల్లుచుండిన కాలమున బ్రిటిషు ఇండియా రూపాయిని కల్దారు అనెడివారు. స్థూలముగా ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. సరిహద్దు దాటి బేరము చేయు వర్తకునకు ‘నూరు రూపాయలు’ అని వ్రాసికొనిన చాలదు. అవి యే రూపాయలో కూడ వ్రాసికొనవలసినదే. ఫసలీ సంవత్సరమును అట్టిదే. నిజాము రాజ్యమున అది అక్టోబరులో ఆరంభ మగుచుండగా, మద్రాసు రాజధానిలో జూలై మొదటి తేదీన ఆరంభ మగుచుండెను.

ఇటీవలి మార్పులను చూడుడు. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్ర మేర్పడగా, నిజామాబాదు వాహనములకు ఏపీ 25 అను గుర్తు పోయి టీఎస్ 16 వచ్చినది. 2016 అక్టోబరు 11న పది జిల్లాలు ముప్పదియొకటి యైనవి. నిజామాబాదు నుండి కామారెడ్డి వేరుపడినది. 2019లో జిల్లాల సంఖ్య 33కు పెరిగినది. 2024 మార్చిలో టీఎస్ స్థానమున టీజీ వచ్చినది. ఈ గుర్తులన్నియు ప్రోగ్రాము కడుపులో వ్రాయబడి యున్నచో, ప్రతి మార్పునకును మూట విప్పి, దిద్ది, తిరిగి కట్టవలెను. విప్పిన ప్రతిసారియు క్రొత్త తప్పునకు త్రోవ ఏర్పడును.

ఈ విషయమున పనిముట్లు ఎట్లు మెరుగుపడినవో ఒక ఉదాహరణము చెప్పెదను. మైక్రోసాఫ్టువారి ఎస్‌క్యూఎల్ సర్వరు 2005తో ఇంటిగ్రేషన్ సర్వీసెస్ అను సాధనము వచ్చినది. అందు మార్చదగిన విలువలను ప్యాకేజీ వెలుపల ఒక ఫైలులోనో, డేటాబేసు పట్టికలోనో, యంత్రపు రిజిస్ట్రీలోనో ఉంచు సదుపాయ మేర్పడెను. కాని ఒక అపాయము మిగిలినది. ఆ ఫైలు కనబడకున్నచో ప్యాకేజీ ఆగదు. ఒక హెచ్చరిక మాత్రము వ్రాసి, రచించిన నాడు తనలో మిగిలియున్న పాత విలువలతోనే పని సాగించును. పరీక్షకై నిర్మించిన కల్పిత రైతుల పట్టికను నిజమైన పట్టికగా భావించి, ‘పని పూర్తియైనది’ అని చెప్పగలదు. ఆగిపోయిన యంత్రమును అందరును చూతురు. తప్పు దారిని సాఫీగా నడచు యంత్రమును ఎవరును చూడరు.

2012లో వచ్చిన సంచిక ఈ పద్ధతిని మార్చినది. ప్యాకేజీలకు పారామీటర్లను ఏర్పరచి, సర్వరులో ఎస్‌ఎస్‌ఐఎస్‌డీబీ యను ఒక భాండాగారమును నెలకొల్పిరి. అందు పరీక్షకు ఒకటి, వ్యవహారమునకు ఒకటి చొప్పున ‘ఎన్విరాన్‌మెంటు’ అను విలువల జాబితాలను ఉంచవచ్చును. ఒకే మూట ఏ జాబితాతో ముడిపడిన ఆ విలువలను గ్రహించును. అంతకంటె ముఖ్యమైనది మరొకటి కలదు. ఒక పారామీటరును ‘తప్పనిసరి’ యని గుర్తించినచో, సర్వరులో దానికి విలువ నీయనిదే ప్యాకేజీ కదలదు. సర్వరు పేరు, డేటాబేసు పేరు ఇట్టివానినెల్ల తప్పనిసరి చేయుట క్షేమము.

పాస్‌వర్డుల సంగతి వేరుగా చెప్పవలెను. ఈ సాధనమున రహస్యములను రచయిత యొక్క సొంత తాళముతో బంధించుట మామూలు ఏర్పాటు. కనుక అతని యంత్రములో చక్కగా నడచిన మూట, వేరొకరి పేర నడచు సర్వరులో తాళము తెరువలేక విఫల మగును. దీనికి విరుగుడుగా కొందరు పాస్‌వర్డును తెరచిన ఫైలులో వ్రాసి పెట్టుదురు. అది యింటి తాళపుచెవిని గుమ్మమునకు వ్రేలాడదీయుట వంటిది. ప్యాకేజీలో రహస్యము నేమియు దాచక, భాండాగారములోని గుప్త విలువగా నుంచుట సరియైన మార్గము. ఆ భాండాగారమునకు గల మూల తాళమును కూడ భద్రముగా ప్రతి తీసి యుంచవలెను. లేనిచో సర్వరు చెడిననాడు గుప్త విలువలు మరల చేతికి రావు.

అయితే మారునది యెల్ల ఈ జాబితాలలో చేర్చదగినది కాదు. ఇక్కడ వివేకము కావలెను. రైతుబంధు 2018లో ఎకరమునకు పంట యొక్కింటికి 4,000 రూపాయలతో ఆరంభమై, 2019లో 5,000 రూపాయలైనది. 2025 జనవరిలో రైతు భరోసా పేర 6,000 రూపాయలైనది. ఈ దరను ఎన్విరాన్‌మెంటులో ఒక్క అంకెగా నుంచినచో, 2018 వానాకాలపు లెక్కను మరల తీయవలసి వచ్చిననాడు నేటి దర దానిపై పడును. కనుక దర తేదీలతో కూడిన పట్టికలో నుండవలెను. గుంటలా సెంట్లా అనునది ఆ దత్తాంశముతోడనే ప్రయాణము చేయవలెను. లేదా అన్నింటిని ముందుగానే గుంటలలోనికి మార్చి పూర్ణాంకములుగా వ్రాయవలెను. ఎకరమునకు నలువది గుంటలనునది స్థిరమైన కొలత. దానిని ఏ మజిలీలోను మార్చుటకు వీలుండరాదు. మూట నిలిచిన తావును బట్టి మారునవి మాత్రమే, అనగా సర్వరు, డేటాబేసు, పాస్‌వర్డు, ఫైళ్ళ చోటు, ఇట్టివి మాత్రమే జాబితాకు చెందును.

చివరగా ఆచరణకు వచ్చు నాలుగు మాటలు. వ్యవహార స్థానపు జాబితాను ఒకరు వ్రాయగా వేరొకరు సరిచూడవలెను. ప్రతి విలువకును బాధ్యు డెవరో తెలిసియుండవలెను. పని యారంభమున ప్యాకేజీ తాను ఏ సర్వరులో, ఏ డేటాబేసులో నిలిచియున్నదో చిట్టాలో వ్రాయవలెను. మొదట ఒక్క గ్రామపు లెక్కను మాత్రమే నడపి, రైతుల సంఖ్య, మొత్తము గుంటలు, మొత్తము రూపాయలు, ఈ మూడింటిని ఇరుప్రక్కల పోల్చవలెను. మూడును సరిపోయిన పిమ్మటనే తక్కిన గ్రామములకు పోవలెను. ఇందులకు అరపూట పట్టవచ్చును. లెక్క తప్పి రైతు తన పాసుపుస్తకమును చేతబట్టుకొని కార్యాలయము చుట్టు తిరుగు దినములతో పోల్చినచో ఆ అరపూట ఏపాటిది?