సముద్రం అడుగున కట్టడం కట్టాలంటే

ఈ వార్షిక సభలో సైన్సు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేలమీద ఇల్లు కట్టడం మనందరం చూసిందే. సముద్రం అడుగున కట్టాలంటే ముందు ఏమేం పరీక్షించాలో, మేము చదివి తెలుసుకున్నంతవరకు మీ ముందుంచుతాము.

నేలమీద పునాది తీస్తే అడ్డొచ్చేవి రాయీ, ఊటా. సముద్రంలో అడ్డొచ్చేది ఒత్తిడి. ప్రతి 10 మీటర్ల లోతుకీ మన మీదుండే గాలి ఒత్తిడంత అదనంగా పడుతుంది. 60 మీటర్ల లోతులో అది ఏడింతలు. అక్కడ పనిచేసే మనిషి ఒంట్లోకి గ్యాసు కరిగి చేరుతుంది. గబుక్కున పైకొస్తే, సోడా మూత తీసినట్టు, అది బుడగలై ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే మెల్లగా రావాలి. అయితే శరీరం పట్టగలిగినంత గ్యాసు పట్టేశాక, ఎన్నాళ్లున్నా పైకి రావడానికి పట్టే కాలం పెరగదు. మరి పనివాణ్ణి రోజూ దించి ఎక్కించే బదులు అడుగునే కాపురం పెట్టిస్తే?

అమెరికా నౌకాదళ వైద్యుడు జార్జ్ బాండ్ ఆలోచన ఇదే. 1964లో బెర్ముడా దగ్గర 193 అడుగుల లోతున సీలాబ్ అనే ఇనుప గదిలో నలుగురు 11 రోజులున్నారు. 1965లో కాలిఫోర్నియా తీరాన, 205 అడుగుల లోతున, రెండో సీలాబ్‌లో 28 మంది వంతులవారీగా ఉన్నారు. పీల్చేది హీలియం కలిపిన గాలి గనుక మాట బాతు అరుపులా వచ్చేది. చలి వణికించేది. ఆ స్థితిలోనే పనిముట్లనూ, కరెంటుతో వేడెక్కే దుస్తులనూ, మునిగినవాటిని తేల్చే పద్ధతులనూ పరీక్షించారు.

కాంక్రీటునూ వదల్లేదు. 1971లో ఆ నౌకాదళం ఇంజనీర్లు 66 అంగుళాల అడ్డుకొలత గల 18 బోలు కాంక్రీటు గోళాలను 1,840 నుంచి 5,075 అడుగుల లోతుల్లో దించారు. నీరు ఎంత ఊరుతుంది, గోడ ఎన్నాళ్లు ఓరుస్తుంది అన్నది చూడాలని వాటిని ఏళ్లపాటు అక్కడే ఉంచారు.

ఇక బాధ కలిగించే సంగతి. 1969 ఫిబ్రవరిలో మూడో సీలాబ్‌ను 610 అడుగుల లోతుకి దించారు. గది లీకవుతుంటే బాగుచేయడానికి దిగిన బెర్రీ కానన్ అనే డైవరు చనిపోయాడు. మనం విడిచే బొగ్గుపులుసు వాయువును పీల్చుకునే మందు ఒక శ్వాసపరికరం డబ్బాలో పోయనేలేదని విచారణలో బయటపడింది. అంత పెద్ద పథకం దానితో ఆగిపోయింది.

ఇవాళ మనిషి దిగలేని లోతుల్లో పైనుంచి నడిపే యంత్రాలు పనిచేస్తున్నాయి. మన కాకినాడకు ఎదురుగా, కృష్ణా-గోదావరి బేసిన్‌లో, లోతైన సముద్రం అడుగున బిగించిన బావుల నుంచి 2009లో గ్యాసు రావడం మొదలైంది. దాని వెనక ఇలాంటి పరీక్షలెన్నో ఉన్నాయి.

మన పిల్లల్లో మేస్త్రీలున్నారు, వెల్డర్లున్నారు, గల్ఫ్‌కి వెళ్లేవాళ్లున్నారు. వాళ్లకు మేము చెప్పేది ఒక్కటే. పెద్ద యంత్రాన్ని అందరూ చూస్తారు. చిన్న డబ్బాని, కట్టుతాడుని, పరంజి కర్రని ఎక్కేముందు మీరే ఒకటికి రెండుసార్లు చూసుకోండి. మేస్త్రీ తొందరపెట్టినా సరే, చూశాకే ఎక్కండి. ఇంటిదగ్గర మీకోసం ఎదురుచూసేవాళ్లున్నారు.