ప్రవాహ దర్పణము: ఆదర్శము, ఆచరణము

(రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగము)



నాగార్జునసాగరపు కాలువలకు 1967 ఆగస్టు 4న నీరు విడువబడెను. ఎడమ కాలువ క్రింది మిర్యాలగూడ, కోదాడ రైతులకును, మూసీ కాలువల క్రింది సూర్యాపేట రైతులకును తూము సంగతి తెలియనిది కాదు. కాలువ మట్టము హెచ్చినను తగ్గినను ఒకే పరిమాణమున నీరిచ్చు తూము ఉన్నచో అది ఆదర్శమైన తూము. విద్యుచ్ఛాస్త్రమున ఇట్టిదానికి ఆదర్శ ప్రవాహ జనకమని పేరు. వోల్టేజి ఎంత మారినను దాని కరెంటు మారదు. అట్టిది గ్రంథములందే కలదు.

ఆచరణమున దానికి బదులు వాడునది కరెంటు మిర్రరు, అనగా ప్రవాహ దర్పణము. జంట ట్రాన్సిస్టర్లలో ఒకదానికి కొలిచిన కరెంటు నిచ్చినచో రెండవది ప్రతిబింబమువలె అంతే కరెంటును నడపవలెను. సెల్ ఫోనులలోని చిప్పులందు ఇట్టి జంటలు పెక్కు గలవు.

అయితే ఈ అద్దమునకు లోపములు నాలుగు. మొదటిది, తరుగు. ట్రాన్సిస్టరు నూరింతలు పెంచునదైనచో, ఇచ్చిన 102 పాళ్లలో 2 పాళ్లు రెండింటి బేసులకే పోవును. ప్రతిబింబము 100 పాళ్లే. రెండవది, మట్టము హెచ్చిన తూమువలె, వోల్టేజి హెచ్చినకొలది కరెంటును కొంత హెచ్చును. దీనిని 1952లో జేమ్స్ ఎర్లీ వివరించెను. మూడవది, వోల్టేజి మరీ తగ్గినచో, మట్టము అందని తూమువలె, అద్దము పనిచేయదు. నాలుగవది, వేడి. జంటలో ఒక్క డిగ్రీ తేడా వచ్చినను కరెంటు నూటికి ఏడెనిమిది పాళ్లు మారవచ్చును. కావుననే రెండింటిని ఒకే చిప్పుపై ప్రక్కప్రక్కన నిర్మింతురు.

సాగరు నీరు పారిన ఆ 1967లోనే, టెక్ట్రానిక్స్ సంస్థలో జార్జి విల్సన్, బారీ గిల్బర్ట్ అను ఇంజనీర్లు మూడే ట్రాన్సిస్టర్లతో మేలైన అద్దమును కనుగొనవలెనని పందెము వేసికొనిరి. విల్సన్ గెలిచెను. అతని అద్దమున తరుగు నూటికి రెండు పాళ్లనుండి పదివేలకు రెండు పాళ్లకు దిగెను. కాని అది పనిచేయుటకు వోల్టేజి మరికొంత ఎక్కువ కావలెను. మేలు వెలలేక రాదు.

ఆదర్శము కొలబద్ద మాత్రమే. తూము మొదట వ్రాసిన అంకెను చూచి చివరి మడికిని అంతే నీరు చేరెనని నమ్మినచో నష్టపడువాడు చివరి రైతే. తరుగెంత, ఏల కలిగెను, ఎట్లు తగ్గింపవచ్చును అని కొలిచి తెలిసికొనుటయే శాస్త్రము. ఆ మూడు ప్రశ్నలను గ్రంథాలయమునుండి పొలమునకు కొనిపోవుదురుగాక. స్వస్తి.