చెక్క పట్టే చేతికీ మిషను తెలియాలి



బొగ్గు బాయిల ఊళ్లలో ప్రమాదం అనే మాట కొత్తది కాదు. గోదావరిఖనిలో ఏ ఇంటి తలుపు తట్టినా ఆ మాట తెలుసు. డ్యూటీకి పోయిన మనిషి తిరిగొచ్చేదాకా ఇంట్లో వాళ్లకు మనసు నిలవదు. అయితే ప్రమాదం బాయిలోనే ఉండదు. ఇంటి వెనక రేకుల షెడ్డులో కూడా ఉంటుంది. అక్కడ దర్వాజలు, కిటికీలు చేసే మిషను ఉంటే, ఆ మిషను దగ్గర చెక్క పట్టుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంటే, ఈ మాటలు ఆమె కోసమే.

వడ్రంగం ఇళ్లలో ఆడవాళ్లు చేసే పని తక్కువ కాదు. పొడవైన చెక్క ఒక కొస పట్టుకుంటారు. పొట్టు ఊడుస్తారు. స్విచ్చు వేస్తారు, తీస్తారు. అడిగితే మాత్రం "నేనేం చేస్త, ఊరికే పట్టుకుంట" అంటారు. పట్టుకోవడం కూడా పనే. ఆ పనిలోనూ వేలు పోవచ్చు, కన్ను పోవచ్చు. మిషను నడిపే మనిషికి మిషను తెలుసు. పట్టుకునే మనిషికి ఎవరూ చెప్పరు. చిక్కు అక్కడే ఉంది.

బొగ్గు బాయిలోకి కొత్త మనిషి ఊరికే దిగడు. ముందు శిక్షణ పొందాలి. దాని కోసం 1966లో గనుల వృత్తి శిక్షణ నియమాలు వచ్చాయి. ఫ్యాక్టరీల కోసం 1948లో చట్టం వచ్చింది. తిరిగే మిషను భాగాలకు అడ్డు కట్టాలని ఆ చట్టం చెప్పింది. కానీ కరెంటుతో నడిచే చోట పదిమంది, అంతకు మించి పనిచేస్తేనే ఆ చట్టం ఫ్యాక్టరీ అన్నది. భార్యాభర్తలు ఇద్దరే పనిచేసే షెడ్డు దాకా అది రాలేదు. కాబట్టి అక్కడి నియమం ఆ ఇంటివాళ్లే పెట్టుకోవాలి. నియమం పెట్టుకోవాలంటే ముందు మిషను తెలియాలి.

ఈ మిషను ఏం చేస్తుంది?

దర్వాజలో నిలువు చెక్కలు ఉంటాయి, అడ్డం చెక్కలు ఉంటాయి. అడ్డం చెక్క చివరను నాలుకలాగా సన్నగా చెక్కుతారు. నిలువు చెక్కలో ఆ నాలుక దూరేటంత గుంత తీస్తారు. నాలుక గుంతలో బిగుసుకుంటే దర్వాజ నిలుస్తుంది. గుంత వదులైతే దర్వాజ ఊగుతుంది. మరీ ఇరుకైతే చెక్క పగులుతుంది.

ఒకప్పుడు ఆ గుంతను ఉలితో, కొయ్య సుత్తితో తొలిచేవారు. టేకు చెక్కలో ఒక గుంత తీయాలంటే చాలాసేపు పట్టేది. మిషను ఆ పనిని నిమిషాల్లో చేస్తుంది. షాపుల్లో దీన్ని మోర్టైజర్ అంటారు.

చెక్కకు గుండ్రని చిల్లు పెట్టడం డ్రిల్లుతో తేలిక. నలుచదరపు గుంత ఎట్లా వస్తుంది? ఈ మిషనులో డ్రిల్ బిట్టు చుట్టూ ఒక బోలు ఉలి ఉంటుంది. బోలు అంటే లోపల ఖాళీ. ఆ ఉలికి నాలుగు పలకలు, నాలుగు పదునైన మూలలు ఉంటాయి. లోపల బిట్టు తిరుగుతూ గుండ్రంగా తొలుస్తుంది. బయట ఉలి తిరగదు. పిడి కిందికి లాగితే ఉలి చెక్కలోకి దిగి నాలుగు మూలలూ కోస్తుంది. పొట్టు ఉలి పక్కన ఉన్న సందులోంచి బయటికి వస్తుంది.

ఉలి తిరగదు కదా అని కొందరు దాన్ని ముట్టుకుంటారు. అది పొరపాటు. కొంతసేపు పనిచేశాక ఉలి కాలిన పెనంలా ఉంటుంది. దాని కింద బిట్టు కొస తిరుగుతూనే ఉంటుంది.

బిగించడం: ప్లగ్గు తీసిన తర్వాతే

మొదటి పని స్విచ్చు ఆపడం కాదు. ప్లగ్గు పీకడం. స్విచ్చు ఆపి ఉన్నా పొరపాటున ఎవరైనా వేయవచ్చు. పిల్లలు నొక్కవచ్చు. పీకిన ప్లగ్గు కంటికి కనబడే చోట ఉండాలి. అప్పుడే మిషనులో చెయ్యి పెట్టాలి.

1. బోలు ఉలిని మిషను తలలోకి ఎక్కించాలి. ఉలి భుజానికీ మిషనుకూ నడుమ ఒక రూపాయి బిళ్ల పెట్టాలి. మర కొద్దిగా బిగించాలి. పొట్టు వచ్చే సందు ఎడమకో కుడికో ఉండాలి. మనిషి ముఖం వైపు ఉండొద్దు.

2. బిట్టును కింది నుంచి ఉలిలోకి దూర్చాలి. పైన బిట్టును పట్టి ఉంచే భాగాన్ని చక్ అంటారు. బిట్టు తల ఉలికి తగిలేదాకా పైకి నెట్టి, చక్‌ను తాళంతో బిగించాలి.

3. ఇప్పుడు ఉలి మర వదులు చేసి రూపాయి బిళ్ల తీసేయాలి. ఉలిని పూర్తిగా పైకి నెట్టి గట్టిగా బిగించాలి. బిట్టు కొస ఉలి కంటే రూపాయి బిళ్ల మందమంత కిందికి ఉంటుంది. ఈ సందు లేకపోతే ఇనుము ఇనుమును రాస్తుంది. ఉలి వేడెక్కి నీలం రంగుకు తిరుగుతుంది, పదును పోతుంది. మొండి ఉలిని మనిషి బలంగా నొక్కుతాడు. బలంగా నొక్కినప్పుడే చెయ్యి జారుతుంది.

4. వెనక అడ్డపట్టీకి ఉలి పలక సరిగ్గా సమంగా ఉందో లేదో మూలమట్టంతో చూడాలి. ఉలి వంకరగా ఉంటే గుంత రంపం పళ్లలాగా వస్తుంది.

5. బిట్టును ఒకసారి చేత్తో తిప్పి వినాలి. కరకర రాసుకునే చప్పుడు వస్తే మళ్లీ బిగించాలి.

6. చక్ తాళం తీశామా? ఈ మాట పైకి అనాలి. తాళం చక్‌లోనే ఉండిపోయి స్విచ్చు వేస్తే అది రాయిలాగా ఎగిరి వస్తుంది. తాళాన్ని ప్లగ్గు వైరుకు తాడుతో కట్టి ఉంచితే మంచిది. ప్లగ్గు పెట్టబోతే తాళం చేతికి తగులుతుంది.

బాయిలో పనిచేసేవాళ్లు పని మొదలుపెట్టే ముందు కర్రతో కప్పును తట్టి వింటారు. గట్టి కప్పు ఒక తీరుగా మోగుతుంది. వదులు కప్పు డొల్లగా మోగుతుంది. ఈ సంగతి బొగ్గు బాయి ఇళ్లలో ఆడవాళ్లకు కూడా తెలుసు. బిట్టును చేత్తో తిప్పి వినడం కూడా అట్లాంటిదే. ముందు వినాలి, తర్వాతే పని.

చెక్కను ఎవరు పట్టాలి?

బల్ల మీద చెక్కను పెట్టి క్లాంపుతో బిగించాలి. పైన ఉన్న అడ్డును చెక్కకు ఆనించాలి. లేకపోతే ఉలి పైకి లేచేటప్పుడు చెక్కను కూడా లేపుకుపోతుంది. ఎంత లోతు కావాలో చూసి లోతు ఆపే బోల్టును బిగించాలి.

దర్వాజ చెక్క ఏడడుగుల పొడవు ఉంటుంది. దాని కొస గాలిలో వేలాడుతుంది. "ఏం గాదు, ఆ కొస జర పట్టు" అని భార్యను పిలుస్తారు. ఇక్కడే ఆగి ఆలోచించాలి. బరువు మోయడానికి మనిషి ఎందుకు? బల్ల అంత ఎత్తున ఒక కర్ర స్టాండు చేసి పెడితే చాలు. వడ్రంగి ఇంట్లో కర్రకు కొదవ లేదు. స్టాండు అలిసిపోదు. పిల్లవాడు ఏడిస్తే అటు తిరగదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని ఉరకదు.

మనిషి తప్పకుండా పట్టాల్సి వస్తే రెండు కట్టుబాట్లు ఉండాలి. ఒకటి, ఉలికి జానెడు దూరం లోపల ఎవరి చెయ్యీ ఉండొద్దు. రెండు, "ఆపు" అనే మాట ఎవరన్నా సరే, మిషను ఆగాలి. ఎందుకని తర్వాత అడగాలి. బాయిలో బొగ్గు టబ్బులు లాగే చోట గంట సంకేతాలు ఉంటాయి. సంకేతం వస్తే అక్కడ వాదన ఉండదు. ఇంటి షెడ్డులో కూడా అంతే. చెక్క పట్టిన ఆడమనిషి "ఆపు" అంటే అది అడ్డు చెప్పడం కాదు, పనిలో భాగం.

ఒంటి మీద ఏముండాలి, ఏముండొద్దు?

కొంగు వెనక నుంచి తిప్పి నడుముకు బిగించి దోపాలి. పైన పొడుగు చేతుల పాత చొక్కా వేసుకుంటే కొంగు లోపలే ఉంటుంది. చొక్కా చేతులు వదులుగా ఉండొద్దు. జడను ముడి వేసి గుడ్డ కట్టాలి. పుస్తెలతాడు రవికె లోపలికి వేసుకోవాలి. గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టాలి. చేతి తొడుగులు క్షేమం అనుకుంటారు. తిరిగే బిట్టు దగ్గర అవి క్షేమం కాదు. బిట్టు తొడుగు దారాన్ని పట్టి చెయ్యిని గుంజుతుంది.

కళ్లకు అద్దాలు కావాలి. ముక్కుకు మాస్కు కావాలి. చెక్క దుమ్ము ఊరికే తుమ్ములు తెప్పించే దుమ్ము కాదు. చెక్క దుమ్ము మనిషికి క్యాన్సర్ తెచ్చేదని 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రకటించింది. అది ముఖ్యంగా ముక్కు లోపల వస్తుంది. ఏళ్ల తరబడి దుమ్ము పీల్చేవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. ఊడ్చే మనిషే ఎక్కువ దుమ్ము పీలుస్తుంది. కాబట్టి మిషనుకు ప్లగ్గు తీశాక, కింద నీళ్లు చిలకరించి ఊడ్వాలి. మిషను మీద, వైర్ల మీద నీళ్లు పడొద్దు.

నడపడం

స్విచ్చు వేశాక బిట్టు పూర్తి వేగం అందుకోనివ్వాలి. తర్వాత పిడిని నెమ్మదిగా, ఒకే తీరుగా లాగాలి. కొంత దిగగానే పైకి లేపాలి. పొట్టు రాలిపోతుంది. మళ్లీ దించాలి. ఒకేసారి అడుగుదాకా నొక్కితే పొట్టు లోపల కుక్కుకుంటుంది, పొగ వస్తుంది. పొగ వచ్చిందంటే మిషను ఆపమని చెబుతున్నట్టే.

పొడుగు గుంత తీసేటప్పుడు ముందు రెండు చివరలు తొలవాలి. తర్వాత నడుమ భాగం తీయాలి. ఉలికి రెండు పక్కలా సమంగా చెక్క ఉండేటట్టు చూసుకోవాలి. ఒక పక్కే చెక్క ఉంటే ఉలి ఖాళీ వైపు ఒరుగుతుంది, వంగుతుంది.

పొట్టు తీసేటప్పుడు కూడా దెబ్బలు తగులుతాయి. బల్ల మీద పొట్టు పేరుకుంటే చెయ్యి దానంతట అదే పోతుంది. ఇంట్లో చెత్త కనబడగానే ఊడ్చే అలవాటు ఆడవాళ్లది. మిషను దగ్గర ఆ అలవాటును ఆపుకోవాలి. స్విచ్చు ఆపాక కూడా బిట్టు కొంతసేపు తిరుగుతుంది. అది పూర్తిగా నిలిచాక, బ్రష్షుతో మాత్రమే పొట్టు తీయాలి. ఉలి సందులో పొట్టు ఇరుక్కుంటే ప్లగ్గు పీకిన తర్వాతే తీయాలి. నోటితో ఊదొద్దు, కంట్లో పడుతుంది.

నడుమ కరెంటు పోతే ఏం చేయాలి? వెంటనే స్విచ్చు ఆపాలి. లేకపోతే కరెంటు వచ్చినప్పుడు మిషను దానంతట అదే మొదలవుతుంది. ఆ వేళకు ఎవరి చెయ్యి ఎక్కడ ఉంటుందో చెప్పలేం.

మిషనుకు మూడు కాళ్ల ప్లగ్గు, మంచి ఎర్తు ఉండాలి. వైరుకు అతుకులు ఉండొద్దు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టిస్తే మనిషికి షాకు కొట్టగానే కరెంటు తెగిపోతుంది. అది మీటరు దగ్గర పెట్టే చిన్న పెట్టె. ఎలక్ట్రీషియనే దాన్ని బిగించాలి.

దెబ్బ తగిలితే

రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. చెయ్యి పైకెత్తి ఉంచాలి. కాఫీ పొడి, పసుపు, సున్నం పెట్టొద్దు. వేలు తెగి పడితే దాన్ని పారేయొద్దు. తడి చేసి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టాలి. ఆ కవరును ఐసు మీద పెట్టాలి. వేలుకు ఐసు నేరుగా తగలొద్దు. 108కు ఫోను చేసి వెంటనే ఆస్పత్రికి పోవాలి. షాకు కొట్టిన మనిషిని ముట్టుకోకముందే మెయిను ఆపాలి.

గోడ మీద రాసి పెట్టండి

చదువు నేర్చిన చేతికి ఇక్కడ ఒక పని ఉంది. ఒక అట్ట ముక్క తీసుకోండి. పెద్ద అక్షరాలతో ఈ ఐదు మాటలు రాయండి. మిషను ఎదురుగా కట్టండి.

ప్లగ్గు తీయనిదే చెయ్యి పెట్టొద్దు.
తాళం తీశామా?
కొంగు, జడ, గాజులు చూసుకో.
పొట్టుకు బ్రష్షు, చెయ్యి కాదు.
"ఆపు" అంటే ఆపు.

అది కట్టిన రోజు ఇంట్లో నవ్వుకోవచ్చు. "ఇన్నేండ్లు ఏమైంది మనకు" అని కూడా అనవచ్చు. ఇన్నేళ్లు ఏమీ కాలేదంటే మిషను మంచిదని కాదు. పది వేళ్లూ ఉన్నప్పుడే నియమం రాసుకోవాలి. ఈ మాటలు తెలిసిన ఆడమనిషి చెక్క పట్టడం దగ్గరే ఆగదు. ఉలి బిగించడం, గుంత తీయడం కూడా ఆమెకు వస్తుంది. అప్పుడు ఆమె ఊరికే పట్టుకునే మనిషి కాదు, పనిమంతురాలు. పనిమంతురాలికి కూలి లెక్క కూడా వేరే ఉంటుంది.

మాట్లాడుకోండి

మీ ఇంట్లో, మీ వాడలో కరెంటుతో నడిచే మిషన్లు ఏవి ఉన్నాయి? పిండి గిర్ని, కుట్టు మిషను, నీళ్ల మోటరు, ఇంకా ఏవి?

వాటి దగ్గర పనిచేసే ఆడవాళ్లకు ఎవరు, ఏం చెప్పారు?

మీ మిషను పక్కన ఏ ఐదు మాటలు రాస్తారు? రాసి ఒకరికొకరు చదివి వినిపించండి.