కుళాయి నీటికి ఏ వడపోత?

కుళాయి నీరు కాస్త రంగు మారితే చాలు, ఆర్‌ఓ యంత్రం కొనేద్దామంటాం. దోషం తెలియకుండా వడపోత కొనడం, రోగం తెలియకుండా మందు మింగడమే. మడ్డిని క్యాండిల్ ఫిల్టర్ ఆపుతుంది. క్రిములు మరిగిస్తే చస్తాయి. క్లోరిన్ వాసనను బొగ్గు పీల్చుకుంటుంది. నల్లగొండ బోరునీటిలోని ఫ్లోరైడు సంగతి వేరు. నీటిలో కరిగి ఉండే ఆ పదార్థం కాచితే పోదు సరికదా, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. దాన్ని తగ్గించడానికి జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే స్థిరపడింది. ఇలాంటి నీటికి ఆర్‌ఓ అక్కరకొస్తుంది.

ఏ నీటికైనా ఆర్‌ఓ ఉంటే భద్రమే కదా అనవచ్చు. భద్రతను కాదనను. కానీ చాలా ఇళ్ల యంత్రాల్లో తాగేందుకు దక్కే నీటికన్నా పారబోసేదే ఎక్కువ. కాల్షియం, మెగ్నీషియం కూడా దాంతోపాటే పోతాయి. భారత ప్రమాణాలు నీటిలో కరిగిన లవణాలకు (టీడీఎస్) పెట్టిన వాంఛనీయ పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు. అంతకు లోపున్న నీటికి, మురుగు కలుస్తుందన్న భయమొక్కటే ఉంటే, వడకట్టి కాచుకోవడం చాలు. అయితే అమ్మకందారు ముంచి చూపే టీడీఎస్ మీటరులో క్రిములూ కనిపించవు, ఫ్లోరైడూ విడిగా తెలియదు. వాటికి ల్యాబు పరీక్షే చేయించాలి.