గ్రూపులో ఎవరున్నారు, ఎవరు లేరు?

(ఖరగ్‌పూర్ దగ్గరి హిజ్లీలో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సోషల్ మీడియాతో చదువు బాగుపడుతుందా, చెడుతుందా అన్నది నాకిచ్చిన అంశం. పరిశోధక విద్యార్థిగా నాకు ముందు వేరే ప్రశ్న వస్తుంది: గ్రూపులో ఎవరున్నారు, ఎవరు లేరు?

1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీ ఇది. జాతీయ డిజిటల్ లైబ్రరీ ఇక్కడి నుంచే నడుస్తోంది. ఎన్‌పీటెల్ పాఠాలు ఎవరైనా చూడొచ్చు. మంచిదే. కానీ ఏ సారు ఎలాంటి ప్రశ్నలిస్తారు, ల్యాబ్ రిపోర్టు ఎలా రాయాలి, ఫెలోషిప్‌కు ఎప్పుడు అప్లై చేయాలి అన్నవి లైబ్రరీలో దొరకవు. సీనియర్ల వాట్సాప్ గ్రూపుల్లో దొరుకుతాయి. అన్నో అక్కో ఐఐటీలో చదివిన ఇంట్లో ఇవి భోజనాల దగ్గరే తెలిసిపోతాయి. మొదటి తరం పిల్లలకు ఫోనే దిక్కు. రైల్వే పనికని తరాల కిందట ఈ ఊరొచ్చిన మన కుటుంబాల పిల్లలకైనా, నిన్న శ్రీకాకుళం నుంచి రైలు దిగినవాళ్లకైనా అంతే.

గ్రూపులో చేరగానే మొదటి ప్రశ్న, "ర్యాంకెంత?" మన తెలుగువాళ్లయితే ఇంటిపేరు కూడా అడుగుతారు! పైకి పరిచయమే. ఆ తర్వాత డౌటు అడిగితే "కోటా" అంటారని నోరు మూసుకున్నవాళ్లు నాకు తెలుసు.

2021 ఏప్రిల్‌లో ఇక్కడ ఏం జరిగిందో మీకు తెలుసు. కోవిడ్ కాలం, ప్రిపరేటరీ కోర్సు ఇంగ్లిష్ క్లాసు ఆన్‌లైన్‌లో నడుస్తోంది. ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులు ఏడాది చదివి, పాసైతేనే బీటెక్‌లో చేరే కోర్సు అది. ఒక అసోసియేట్ ప్రొఫెసర్ ఆ పిల్లల్ని బూతులు తిట్టారు. ఎక్కడికైనా వెళ్లి ఫిర్యాదు చేసుకోమని సవాలు కూడా చేశారు. ఆ వీడియోలు సోషల్ మీడియాలోకి వచ్చాకే దేశానికి తెలిసింది, సంస్థ ఆమెను సస్పెండ్ చేసింది. అదే మాట తలుపులు మూసిన క్లాసురూములో అని ఉంటే సాక్ష్యం ఏది? సీటు ఇంకా చేతికి రాని పిల్లలు బయటపెట్టిన సాక్ష్యమది. ఫోను పక్కన పెట్టి చదువుకోమని సలహా ఇచ్చే పెద్దలు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మన గ్రూపులో ర్యాంకు, ఇంటిపేరు అడగొద్దు. డౌటు తెలుగులో రాసినా నవ్వొద్దు. ఫెలోషిప్ గడువు మీకు తెలిసిన రోజే అందరికీ పెట్టండి.

సంస్థను అడగాల్సింది వేరే ఉంది. పాత ప్రశ్నపత్రాలు, ఫెలోషిప్ వివరాలు ప్రిపరేటరీ విద్యార్థులతో సహా అందరికీ మొదటి వారంలోనే అధికారికంగా ఇవ్వాలి. సీనియర్ల దయకు వదిలేయడం కుదరదు. ఆ వినతిపత్రం తలుపు దగ్గర బల్ల మీద ఉంది. వెళ్లేముందు చదివి సంతకం చేయండి.

జై భీమ్.