వద్దంటే వద్దే



పదహారేళ్లప్పుడు నేను హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లాను, చదువుకి. యెస్ పథకం కింద. అమెరికా ప్రభుత్వం 2002లో పెట్టిన పథకం అది. ఖర్చంతా వాళ్లదే. "పెళ్లి కావాల్సిన పిల్లని అంత దూరమా?" అన్నారు చుట్టాలు. మా అమ్మ కాగితాల మీద సంతకం పెట్టింది. వేలిముద్ర కాదు, సంతకం!

అక్కడ ఒక ఇంట్లో ఉంచారు. ఆ ఇంటివాళ్లకి పైసా ముట్టదు. అయినా సొంత పిల్లలా చూశారు.

మొదటి రాత్రి ఇంటావిడ "ఇంకొంచెం తింటావా?" అని అడిగింది. మొహమాటంతో వద్దన్నాను. మన ఇళ్లల్లో వద్దన్నా వడ్డిస్తాం కదా! అక్కడ వద్దంటే వద్దే. గిన్నె తీసేసింది. మూడు రాత్రులు అర్ధాకలితో పడుకున్నాను. నాలుగోనాడు "ఆకలేస్తోంది" అని చెప్పాను. ఆవిడ కంగారుపడిపోయింది. ఫ్రిజ్ తలుపు తీసి, "ఇది నీ ఇల్లు. అడగక్కర్లేదు, తీసుకుని తిను" అంది.

తర్వాత ఒకరోజు నేనే మిరియాల చారు కాచాను. ఇంటాయనకి కళ్లనీళ్లు కారాయి. అయినా ఇంకొంచెం అడిగాడు.