సంతకం పెట్టే ముందు సంఘంలో పెట్టండి
(సమాఖ్య వార్షిక మహాసభలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పులు, రికవరీల లెక్క ఇప్పుడే విన్నారు. లెక్కల పుస్తకంలోకి ఎక్కని సంగతి ఒకటి ఉంది. అది సెల్ టవర్ సంగతి.

మనలో ఒక అక్కకి ఈ ఏడాది ఫోనొచ్చింది. "మీ డాబా మీద టవర్ వేస్తాం, నెలనెలా అద్దె ఇస్తాం. ముందు అనుమతి ఫీజు 18 వేలు పంపండి" అన్నారు. ప్రభుత్వ ముద్ర వేసిన కాగితం వాట్సాప్‌లో పెట్టారు. ఆ అక్క సంఘంలో అప్పు అడిగింది. "దేనికమ్మా?" అని అడిగితే అప్పుడు బయటపడింది. అడగబట్టి డబ్బు ఆగింది. అదే బయట వడ్డీకి తెచ్చి కట్టేసి ఉంటే ఏటి చేసేవాళ్లం?

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ట్రాయ్ గానీ, కేంద్ర టెలికాం శాఖ గానీ టవర్ కోసం ఇంటివాళ్ల దగ్గర ఫీజు తీసుకోవు, ఎన్‌ఓసీలు ఇవ్వవు. నిజంగా టవర్ వేసేవాడు మనకి డబ్బిస్తాడు గానీ మనల్ని అడగడు. పొరపాటున ఎవరైనా కట్టేస్తే సిగ్గుపడి దాచుకోకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇక నిజమైన కంపెనీయే వచ్చిందనుకోండి. "మున్సిపాలిటీ వాళ్లో, పంచాయతీ వాళ్లో చూసుకుంటారులే" అని మనం అనుకుంటాం. 2022 ఆగస్టులో కేంద్రం నియమాలు మార్చింది. ప్రైవేటు ఇంటి మీద టవర్ వేయడానికి వాళ్ల అనుమతి అక్కర్లేదు, పని మొదలుపెట్టే ముందు రాతపూర్వకంగా తెలియజేస్తే చాలు. దాంతోపాటు కట్టడం బలంగా ఉందని స్ట్రక్చరల్ ఇంజనీరు ఇచ్చిన సర్టిఫికెట్ పెట్టాలి. 2025 జనవరి 1 నుంచి కొత్త నియమాలు వచ్చాయి. అక్కడా ఇంటి యజమానితో ఒప్పందమే ఆధారం. అంటే అడ్డుకోవాలన్నా, షరతు పెట్టాలన్నా అసలు తాళంచెవి మన సంతకమే.

రేడియేషన్ భయం చాలామందికి ఉంది. తేలిగ్గా కొట్టిపారేయం, లేనిపోని భయమూ పెట్టం. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు" అనే వర్గంలో చేర్చింది. రుజువైందని మాత్రం చెప్పలేదు. మన దేశం 2012 సెప్టెంబరు 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదోవంతే అనుమతిస్తోంది. అనుమానం ఉంటే కేంద్రం నడిపే తరంగ్ సంచార్ పోర్టల్‌లో ఫీజు కట్టి కొలిపించుకోవచ్చు.

దీపం కింద చీకటి అంటాం కదా, ఆంటెన్నా కూడా అంతే. దాని తరంగాలు ఎక్కువగా ఎదురుగా పోతాయి, కిందికి తక్కువ. అందుకే కేంద్ర మార్గదర్శకాలు ఎదురుగా అదే ఎత్తులో ఉన్న కట్టడానికి దూరం చెప్పాయి: ఒక ఆంటెన్నాకి 20 మీటర్లు, రెండింటికి 35, నాలుగింటికి 45. అద్దె మనకొస్తుంది, ఎదురు మేడలో పడుకునేది పక్కింటి పిల్లలు. వాళ్లతో ఒక మాట అనకుండా సంతకం పెట్టడం న్యాయం కాదు.

అలాగని టవర్లే వద్దనడం లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఫోన్లు మూగబోతే మనవాళ్లు ఎలా ఉన్నారో తెలియక ఎంత అల్లాడామో మర్చిపోలేదు. కానీ అలాంటి గాలికి టవర్ బరువు మోసేది మన డాబాయే. పాత శ్లాబులున్న యలమంచిలిలో ఆ ఇంజనీరు సర్టిఫికెట్‌ని ఉత్త కాగితం అనుకోకూడదు.

అందుకే ఈ సభలో తీర్మానం కోరుతున్నాం. టవర్ మాట వచ్చిన సభ్యురాలు ఆ కాగితం ముందు సంఘ సమావేశంలో పెట్టాలి. అందరం కలిసి నాలుగు సంగతులు చూద్దాం: మనల్ని డబ్బు అడిగారా? ఇంజనీరు సర్టిఫికెట్ ఉందా? ఎదురిల్లు ఎంత దూరం? ఒప్పందం ఎన్నేళ్లు, మధ్యలో వద్దనుకుంటే ఎలా, జనరేటర్ మోత, మరమ్మతు ఎవరి బాధ్యత?

ఇల్లు మీ పేరున ఉంటే సంతకం కూడా మీదే. ఇంట్లో తొందరపెడితే "సంఘంలో అడిగి చెప్తాను" అనండి. పదిమంది ఉన్నాం, ఆ మాట అనడానికి జంకొద్దు.

తీర్మానానికి ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి.